గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్లు

నా ఫోనులో మాల్యాద్రి పచ్చగానే ఉన్నాడు.
ఎనిమిదో తరగతి, బి సెక్షన్, హాజరు తొంభై ఒకటి.
బడి మానేసేలా ఉన్నవాళ్ల పేర్లు ఎర్రగా వస్తాయి,
వాటిలో వాడు లేడు.
జనవరి నెల. కనిగిరి బస్సు దిగి
కంది చేల వెంట బడిదాకా నడిచే పావుగంటా
ఆ ఎర్ర పేర్లే తలుచుకుంటూ వచ్చాను.

వంటగది గుమ్మంలో వెంగమ్మ ఆపింది.
"ఆ మాల్యాద్రి నిలవడు మేడమ్."
చేతిలో గరిటె, గరిటె కొసన పప్పు.
"నీకెట్టా తెలుసు?"
"నిన్న నా కాడికొచ్చి అడిగినాడు,
గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్లు పొయ్యాలని."

నవ్వాను.
మగపిల్లాడు వంట నేర్చుకుంటే మంచిదేగా అన్నాను.
ఆమె నవ్వలేదు.
"మూడు దినాల నుంచి రెండోసారి అన్నానికి రాట్లేదు.
తక్కువతో అలవాటు చేసుకుంటా ఉండాడు.
ఈ నెలలో పిల్లకాయలు అన్నం వార్చేది అడిగినారంటే
గుంటూరు మిరపకోతకు పోతన్నట్టే.
మా పెద్దోడూ ఇట్టనే అడిగినాడు."

పెద్దోడి సంగతి అంతకు మించి చెప్పలేదు.
పప్పు అడుగంటతా ఉండాదని లోపలికి పోయింది.

ఆ పూట క్లాసులో వాణ్ణి చూశాను,
చూడ్డం కొత్తగా నేర్చుకున్నదానిలా.
లైబ్రరీ పుస్తకం, గడువు ఇంకా పదిరోజులుంది,
అడక్కుండానే నా బల్ల మీద ఉంది.
జామెట్రీ పెట్టె లేదు. "చెల్లికిచ్చినా మేడమ్."
బోర్డు మీద సమీకరణం చకచకా తేల్చేశాడు.
సుద్దముక్కను ఎప్పట్లా గట్టు మీద పడేయకుండా
తెచ్చి నా చేతిలో పెట్టాడు.

సాయంత్రం వెంగమ్మా నేనూ వాళ్లింటికి పోయాం.
గుంజకు తాడుంది, మేక లేదు.
అరుగు మీద చుట్టిన టార్పాలిన్ పట్ట, రెండు తపేలాలు,
పాత చీరలో మూటకట్టిన చింతపండు.
"మూడు తలలకు అడ్వాన్సు తీసుకున్నాం,"
కోటయ్య నేల చూస్తూ అన్నాడు.
"ముప్పై వేలు. బోరుకే పోయినాయి, దుమ్ము తప్ప రాలా.
ఒక తల తగ్గితే మేస్త్రీ ఊరుకుంటాడా?"

సీజనల్ హాస్టల్ గురించి చెప్పాను.
నా మాటలు నాకే నోటీసు బోర్డులా వినిపించాయి.
పదివేలు నేనే ఇవ్వచ్చు,
మరి వచ్చే ఏడు? పక్కింటి పిల్లకు?
లెక్కల టీచర్ని. లెక్క తేలలేదు.

వెంగమ్మ వాళ్లమ్మ పక్కన కింద కూర్చుంది.
"మిరపకాయ కోసిన చేతులు రాత్రిపూట మండతాయి," అంది.
"పెద్దోళ్లం మనం ఓర్చుకుంటాం.
పిల్లోడు ఆ చేత్తోనే నిద్రలో కళ్లు నులుముకుంటాడు."
చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.
"ఇద్దర్నీ నా కాడ పెట్టు. ఉగాదికొచ్చి చూసుకో."

తెల్లారి నాలుగింటికి ట్రాలీ ఆటో వచ్చిందంట.
కోటయ్య ఎక్కాడు, భార్య ఎక్కింది.
మూడో తల వెంగమ్మ మొగుడు.
ఆ మాట ఆమె నాకు చెప్పింది కూడా కాదు,
కూరలో ఉప్పెంతో హెల్పరుకు చెబుతూ మధ్యలో అంటే
నా చెవిన పడింది.

మధ్యాహ్నం మాల్యాద్రి పళ్లెం పట్టుకుని
రెండోసారి వరసలోకి వచ్చాడు.
ఫోను తీసి చూశాను.
నిన్నా పచ్చే, ఇవాళా పచ్చే,
ఈ రాత్రి జరిగిందేదీ దానికి తెలీదు.

బోర్లించిన గిన్నెల మధ్య నుంచి వెంగమ్మ తలెత్తింది.
"తొమ్మిదో తరగతిలో, కిటికీ కాడ కూర్చునే పిల్ల,
కమ్మలు తీసేసి చెవుల్లో
వేపపుల్లలు పెట్టుకుని వస్తా ఉండాది.
చూసినావా మేడమ్?"

చూడలేదు.