అచావో నుంచి, తెరచాప మీద

రేవులో తాడు విప్పుతుంటే
చేపలమ్మే ఎదెల్మిరా కేకేసింది:
"మతి పోయిందా మీకు! పొద్దున ఫెర్రీ ఉందిగా!"
ఉంది. దానికి అద్దాలున్నాయి, హీటరుంది, టికెట్టుంది.
మాకు రొసెందో వాళ్ళ నాన్న తెరచాప ఉంది,
మూడుచోట్ల కుట్లు పడ్డది.

చిలోయే వాన అడిగి రాదు, చెప్పి పోదు.
ముందు మెడ దగ్గర సందు వెతుక్కుంది,
తర్వాత వెన్నుపూసలు ఒక్కొక్కటే
లెక్కపెట్టుకుంటూ దిగింది.
వేళ్ళు నావి కావు. ముక్కు ఎవరిదో.
గాలి తాగిన చాప
నిండు చూలాలిలా ఒక పక్కకి ఒరిగితే
కొయ్యలన్నీ మూలిగాయి.
నేను మాత్రం, ఎందుకో, పకపకా నవ్వాను.

నడిరాత్రి దీపమంటే దిక్సూచి మీది ఒక్కటే.
చుక్కాని దగ్గర యాస్నా, పదిహేనేళ్ళది,
పళ్ళు టకటకలాడుతున్నా వంతు వదలదు.
రొసెందో మాతే టీ సొరబుర్ర అందించాడు,
వేడి ముందు అరచేతులకి,
నాలుక్కి ఆ తర్వాతే.
పొయ్యి మీద బంగాళాదుంపలు,
పైన దండెం మీద మేజోళ్ళు,
ఆవిరి దేనిదో అడక్కండి.

చీకట్లో ఎవరో ఉఫ్‌మని ఊపిరి వదిలారు.
ముగ్గురం ఒకరినొకరు చూసుకున్నాం.
డాల్ఫిన్. కనబడలేదు.
చాలాసేపు పక్కనే వచ్చింది,
ఇంత తడిశాం కదా,
తనవాళ్ళమే అనుకుందేమో.

తెల్లారిందో లేదో తేలని బూడిదరంగులో
ఫెర్రీ మమ్మల్ని దాటింది.
అద్దాల వెనక పొడి మొహాలు
అయ్యో పాపం అన్నట్టు చేతులూపాయి.
మేమూ ఊపాం,
అలాగే.