ఏడో పటం

తరమణి పాలిటెక్నిక్, మూడో అంతస్తు.
ఫ్యాను తిరిగితే కాగితాలు లేస్తాయి,
ఆపితే నేను లేవాలి.
పదహారేళ్ల భూగర్భజలాల పాఠాన్ని
బల్ల నిండా పరుచుకుని కూర్చున్నాను,
ఎవరికి కావాలంటే వాళ్లకి ఇచ్చేద్దామని.

ఇచ్చేయడానికి ముందు
ఏది నాదో తేలాలి.

మొదటి పటం ఎవరి పుస్తకంలోదో, జిరాక్సుకి జిరాక్సు.
అంచున ఎవరిదో బొటనవేలి నీడ కూడా పడింది.
కొట్టేశాను.
మూడోది ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే గుర్తులేదు.
కొట్టేశాను.
లెక్కల్లో పన్నెండు మా గురువుగారివి.
ఆయన ఎవరి దగ్గర తెచ్చుకున్నారో
అడుగుదామంటే ఆయన లేరు.
అంకెలు మార్చేస్తే నావైపోవా అని ఒక్క నిమిషం అనిపించింది.
కిందికెళ్లి టీ తాగి వచ్చాను.
కొత్తవి కట్టాను: వేళచ్చేరిలో ఎండిన బోరు,
పల్లికరణై చిత్తడినేల,
పెరుంగుడిలో ట్యాంకరు కోసం వరస కట్టిన
ఇరవై మూడు ప్లాస్టిక్ బిందెలు,
అందులో ఒకటి చిల్లిది.

క్లాసులో వేసే జోకులు తీసేశాను.
రెండు ఉంచాను.

సాయంత్రాలు ముకిలన్ వస్తాడు.
మా దగ్గరే డిప్లొమా చేశాడు. చూపు లేదు.
ఫైలు చదివి వినిపించే గొంతును
మూడింతల వేగంతో వింటాడు,
నాకది పిచ్చుకల గోల.
పటం ఉన్న చోటల్లా ఆ గొంతు
“బొమ్మ” అని చెప్పి దాటిపోతుంది.
“ఏం బొమ్మ మేడమ్?”
ఇన్నేళ్లూ సుద్దముక్క ఎత్తి “ఇదిగో, ఇలా” అన్నదాన్ని,
ఆ “ఇలా”కి మాటలు వెతుక్కున్నాను.
“బావి. నాలుగు మీటర్ల దిగువన నీరు.
తోడేకొద్దీ చుట్టూ నీటిమట్టం
గరాటులా కుంగుతుంది.”
“గరాటు మూతి ఎటు?”
“పైకి.”
“ఆఁ, కనిపించింది” అన్నాడు.
నిజం చెప్పాలంటే నాకూ అప్పుడే.

ఏడో పటం నేను గీసింది కాదు.
నాకు జ్వరమొచ్చిన ఒక వానాకాలం
ల్యాబ్ అటెండరు ఏకాంబరం
పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టలేక
తన వీధిలోని బావిని బోర్డు మీద గీశాడు.
రాళ్ల వరసలు, గిలక, తాడు,
తాడుకి బారకో ముడి, తొమ్మిది ముడులు.
ఒక పిల్ల నోట్సులో దింపుకుంది.
ఆ నోట్సులోంచి నేను దింపుకున్నాను.
అప్పట్నుంచి నా పాఠంలోనే ఉంది,
కింద ఏ పేరూ లేకుండా.

ఫారంలో ఒక గడి: కర్త.
ఆయన ఇనిషియల్ కూడా నాకు తెలియదు.

ఆదివారం వ్యాసర్పాడి వెళ్లాను.
నన్ను చూసి లోపలికి తిరిగి
“మంచినీళ్లు తే” అన్నాడు భార్యతో, తెలుగులో.
పదహారేళ్లు మేం తమిళంలోనే మాట్లాడుకున్నాం.
ఇద్దరం కాసేపు నవ్వాం.
తర్వాత కాసేపు నవ్వలేదు.

కాగితం చదివి చెప్పాను.
“ఎవురైనా తీసుకోవచ్చునా?”
“ఎవరైనా.”
“దుడ్డు?”
“ఎవరికీ లేదు. నాకూ లేదు.”
“మార్చుకోవచ్చునా?”
“మార్చుకోవచ్చు. మీ పేరు మాత్రం చెప్పాలి.”
పటాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చాలాసేపు చూశాడు.
“తాడు తప్పుమ్మా. అప్పుడు పదకొండు ముడులు.
బోర్డు చాల్లేదని రెండు గోడ మీద గీసినాను.
ఆ పిల్ల బోర్డు వరకే రాసుకునుండాది.”
“ఇప్పుడు ఎన్ని పడతాయి?”
“ఇప్పుడు బావేదీ?
దాని మీద సెల్‌ఫోన్ అంగడి ఉండాది.”
సంతకం చేశాడు, మెల్లగా,
ప్రతి అక్షరానికీ పెన్ను ఎత్తి.

రాత్రి పటం మళ్లీ గీశాను.
కింద ఇలా రాశాను:
“వ్యాసర్పాడిలో ఒక వీధి బావి, ఇప్పుడు లేదు.
తాడుకి పదకొండు ముడులు.
చివరి రెండూ నల్లబోర్డు దాటి, గోడ మీద.
గీసినవారు క. ఏకాంబరం.”

ముకిలన్ విన్నాడు.
యంత్రం ఆయన్ని “కేకాంబరం” అంది.
చుక్క పక్కన కాస్త ఖాళీ వదిలాను.
ఈసారి సరిగ్గా పిలిచింది.
“ఇంకోసారి” అన్నాడు ముకిలన్.

ఇక ఎనిమిదోది ఎవరిదో చూడాలి.