అర ఎమ్మెల్

సిరిపురంలో మూడో అంతస్తు.
పెదాలకి మొద్దుబారే క్రీము రాసి
ఇరవై నిమిషాలు కూర్చోమన్నారు.
కిటికీలోంచి యారాడ కొండ ముక్కు కనబడుతోంది.
ఆ ముక్కుని ఎవరూ ఏమీ అనరు.

డాక్టర్ మాధురీలత తొందరపెట్టే మనిషి కాదు.
బొమ్మ గీసి చెప్పింది:
ఇది అంచు, ఇది మధ్య పల్లం,
నవ్వినప్పుడు మీ పై పెదవి లోపలికి పారిపోతోంది.
పోసేది జెల్లు, ఒంట్లో ఉండే సరుకులాంటిదే.
ఆరు నెల్లకో ఏడాదికో కరుగుతుంది,
నచ్చకపోతే ముందే కరిగించే ఇంజక్షనూ ఉంది.
తెల్లగా పాలిపోయి నొప్పి పుడితే మాత్రం
అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యండి,
రక్తనాళంతో పరాచికాలు కూడదు.
ఎంత పొయ్యమంటారు?
నూనె కొట్టు దగ్గరలాగా
"అర" అన్నాను.

నాకు నలభై ఏడు.
ఇరవై రెండేళ్లుగా వినపడని పిల్లలకి
నా నోరే నల్లబల్ల.
సాగదీసి సాగదీసి పలికిన అక్షరాలన్నీ
పెదవి చుట్టూ గీతలై మిగిలాయి,
లిప్‌స్టిక్కు వాటిల్లోకి కాలవలు తవ్వుకునేది.
ఆ సంగతి డాక్టరుకి చెప్పలేదు. ఎందుకో మరి.

సోమవారానికి వాపు పూర్తిగా తగ్గలేదు.
ఎడమవైపు చిన్న నీలం మచ్చ.
స్టాఫ్‌రూములో సూరీడమ్మ గారు
"తేనెటీగా?" అన్నారు జాలిగా.
అవునన్నాను.

ఆరోజు పాఠం పవర్గం.
పాట అన్నాను. బాట అన్నాను. మాట అన్నాను.
ఎప్పుడైనా ఆ మూడిటికీ పెదాల మీద ఒకటే ముఖం;
గొంతు మీద చెయ్యి పెట్టించి
ముక్కు మీద వేలు పెట్టించి విడదీస్తాను.
జాలారిపేట పోలరాజు, తొమ్మిదేళ్లవాడు,
లేచి దగ్గరికొచ్చి
వలలో చిక్కుముడిని చూసినట్టు నా నోటిని చూశాడు.
చేతులతో అన్నాడు:
టీచర్, మీ నోటికి కొత్త యాస వచ్చింది.

నవ్వాను. నొప్పి పుట్టింది.
పెదవి పారిపోలేదు,
అదీ గమనించాను, అబద్ధమెందుకు.

సాయంత్రం బీచిలో
డ్రెడ్జరు తెచ్చిన ఇసుకని
గొట్టంతో ఒడ్డు మీదికి కక్కిస్తున్నారు.
ఊరు కూడా పోయించుకుంటుంది,
సముద్రం నాక్కుపోతుంది, మళ్లీ పోయించుకుంటుంది.
తేనెటీగా అని ఎవరూ అడగరు.

గురువారానికల్లా పోలరాజు నా యాస నేర్చేశాడు.
మాట అంటే మాట అనే రాశాడు.

ఇది కరిగిపోతుందనీ
నా నోరు మళ్లీ మారుతుందనీ
వాడికింకా చెప్పలేదు.
ఎలా చెప్పాలో
అద్దం ముందు నిలబడి అనుకుంటున్నాను,
గొంతు లేకుండా.