రేకు కట్టిన చెట్లు

బుధవారం మందు పెట్టే రోజు.
పెనిమిటి బూట్లలో గుడ్డపేలికలు కుక్కి తొడుక్కుని
తెరెఆపీ వాగు వెంట పైకి నడుస్తుంది.
వీపున బస్తా. బస్తాలో నీలం బిళ్ళలు.
బిళ్ళల్లో ఎలుకల చావు.

రారోటోంగా లోయలో వాన ఎప్పుడాగిందో ఎవరూ చెప్పలేరు.
మబ్బు వెళ్ళిపోయాక కూడా
ఇంకో గంట ఆకులు కురుస్తాయి.

కకెరోరి గూడున్న ప్రతి చెట్టుకీ
వడ్డాణం పెట్టినట్టు అల్యూమినియం రేకు.
ఎగబాకే గోళ్ళు అక్కడ జారాలి.
నిరుడు ఒకచోట జారలేదు.
పక్కచెట్టు కొమ్మ వంగి వంతెనైంది.
దోసిలంత నాచు గూట్లో
రెండు గుడ్ల పెంకులు, పొద్దుటి వెలుతురు.
ఆ కొమ్మ కొట్టడం మరిచిన చెయ్యి తనదే.
రిజిస్టరులో రాసింది.
ఇంట్లో చెప్పలేదు.

"ఎలుకవి మాత్రం ప్రాణాలు కావా నానమ్మా?"
వెనక నడుస్తూ వైనే అడిగింది.
"ప్రాణాలే.
కొన్ని మన తాతల పడవల్లో దాక్కుని వచ్చాయి,
కొన్ని తెల్లోళ్ళ ఓడతాళ్ళ మీద నడిచి దిగాయి.
పిట్ట ఎక్కణ్ణుంచీ రాలేదు.
తెచ్చినవాళ్ళం మనం,"
బస్తా ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది,
"మోసేదీ మనమే."

ఒకనాడు దీవి మొత్తానికి ముప్పై లోపే.
ఆదివారం చర్చిలో
రెండు బల్లల మీద సర్దుకు కూర్చోగలిగినన్ని.
టారో మడి గట్టు దగ్గర
పదేళ్ళుగా పలకరించుకోని పోకో ఇంటివాళ్ళు
ఇక్కడ మాత్రం వచ్చి నిచ్చెన పట్టుకుంటారు.
దిగాక మళ్ళీ మాటల్లేవు.

ఈ పిట్ట పిన్నవయసులో నారింజ రంగు.
నాలుగేళ్ళొస్తే బూడిద.
నెరిసిందంటే బతికిందని లెక్క.

అదుగో కొమ్మ మీద బూడిద రంగొకటి,
పిడికెడు కూడా లేదు,
తోక ఆడిస్తూ తన ఇంట్లోకి చొరబడ్డవాళ్ళని తిడుతోంది.
కాలికి ఎరుపు మీద పసుపు కడియం.
పెనిమిటి వేసిన కడియం.
ఆయన పోయి ఆరేళ్ళు.
పిట్టకి పద్దెనిమిది.

"ఏడుస్తున్నావా?"
"ఆకుల నీళ్ళే. ఆ సుత్తి ఇటివ్వు."

చెట్టు లావెక్కింది.
రేకు బెరడుని కోస్తోంది.
మేకు పీకి, వేలెడు వదులిచ్చి
మళ్ళీ కొట్టింది.
పిట్ట తిట్టడం ఆపలేదు.