నాలుగో జ్వరం

ముందు సమ్మతి పత్రం చదవాలి.
"ఈ సర్వే వల్ల మీకు నేరుగా
ఏ ప్రయోజనమూ ఉండదు."
చెంగమ్మ చేట పక్కన పెట్టి నవ్వింది.
"మా గడప కాడ నిలబడి
ఇంత నిజం చెప్పినోళ్లు లేరు మే.
కూచో. ఏం కావాల్నో అడుగు."

కావలసింది ఒక రోజు.
నిన్న తెల్లారి నాలుగు నుంచి
ఇవాళ తెల్లారి నాలుగు దాకా,
అరగంటకొక గడి, నలభై ఎనిమిది గడులు.
గడికొకటే పని.
హైదరాబాదు ఆఫీసులో అట్లా నేర్పారు,
రెండు రోజులు, చల్లటి గదిలో, బిస్కెట్లు పెట్టి.

నాలుగున్నర: మల్బరీ ఆకు కోత.
"చీకట్లోనా?"
"ఎండ తగిల్తే వాడిపోదా ఆకు."
కోస్తానే కూతురికి పదహారో ఎక్కం అప్పజెప్పించింది.
ట్యాబు ఒకటే పట్టుకుంటుంది.
కోత ఉంచాను, ఎక్కం వదిలేశాను.

ఆరు: ఆవు. ఏడు: పాలకేంద్రం.
నడుమ అత్తకు ఇన్సులిన్ సూది.
అరగంట పట్టలేదు గనక
ఆ సూది లెక్కలో ఎక్కడా దిగలేదు.

పదకొండున్నర రాత్రి: పురుగులకు మేత.
రెండింటికి అడివంచున టపాసు పేలింది.
ఏనుగులు. ఈ పక్కకు రాలేదు.
వస్తాయేమోనని చెవొగ్గి పడుకునే ఉంది, మూడున్నర దాకా.
పడుకుని మేలుకొని ఉండటానికి
నా పుస్తకంలో కోడు: విశ్రాంతి.

"మరి నిద్రెప్పుడు?"
"పురుగులకు జొరమొస్తే నాకు నిద్ర."
నాలుగు జ్వరాలంట వాటి బతుక్కి.
రెండు చాకీ కేంద్రంలోనే దాటేస్తాయి,
మిగతా రెండూ ఈ రేకుల షెడ్డులో.
మేత మాని, తల పైకెత్తి, కదలకుండా
పాత చర్మంలోంచి బయటికొచ్చేదాకా అట్లే ఉంటాయి.
ఆ రోజు ఆకు కోయబన్లేదు.
మిగతా రోజులంతా షెడ్డులో
నూరు నోళ్లు ఒకేసారి నమిలే చినుకుల చప్పుడు.

మూడో రోజు ఆఫీసు నుంచి మెసేజి:
నమూనా నూటపద్నాలుగు, నిద్ర మూడున్నర గంటలు,
నమ్మశక్యం కాదు, మళ్లీ వెళ్లి సరిచూడండి.

పలమనేరు నుంచి మళ్లీ అదే బస్సు, అదే గుట్ట.
షెడ్డులో వాన వెలిసింది.
నాలుగో జ్వరం.
చెంగమ్మ మొహం నీళ్లు తాగిన మొక్క మాదిరుంది.
నిన్న ఎంత నిద్రపోయావని అడిగాను.
సిగ్గుపడింది, దొంగతనం ఒప్పుకున్నట్టు.
తొమ్మిదిన్నర.
రెండూ నిజమే. రెండూ నేనే రాశాను.
సగటు ఆరున్నర అయింది,
పక్కన ఆకుపచ్చ గుర్తు పడింది.

ఆ రాత్రి ఒంటిగంటకు లాడ్జిలో
ఫారాలు పంపుతూ నా గడులు కూడా లెక్కేసుకున్నా.
ఫారానికి అరవై రూపాయలు.
ఏ కోడో తేల్లేదు.

చిత్తూరు కలెక్టరాఫీసు హాల్లో తెర వెలిగింది.
"ఈ మండలంలో మహిళలకు రోజుకు
గంటా నలభై నిమిషాల ఖాళీ సమయం ఉంది.
కుట్టు శిక్షణకు వాడుకోవచ్చు."
అందరూ రాసుకున్నారు.
ఆ గంటా నలభైలో నాకు తెలిసిన గంటన్నర ఉంది,
చీకట్లో, ఏనుగుల వైపు తెరిచిన ఒక చెవి.
చెయ్యెత్తాలని అనుకున్నా.
నా కాంట్రాక్టు మార్చి దాకా.
టీ చల్లారింది, అదీ తాగేశాను.

రెండోసారి వెళ్లిన రోజు బయల్దేరుతుంటే అడిగింది,
"మళ్లా ఎప్పుడొస్తావు మే?"
"రెండేళ్లకు. ఏమన్నా మారిందేమో చూడటానికి."
"రెండేళ్లంటే పదహారు పంటలు" అని
వేళ్ల మీద ఆగిపోయింది.
అరుగు మీద పలక తుడుస్తున్న పిల్ల
తల ఎత్తకుండా అందించింది:
"పదహారు రెండ్లు ముప్పై రెండు."
"ఆ. ముప్పై రెండు జొరాలు.
అవి దాటినాక రా."