సర్వీసు మనదైతేనే

నేను బాలును ముట్టింది ఒక్కసారే.
అదే వచ్చింది నా పల్లికాయల గంపలకు.

దేవరకొండ కాలేజి గ్రౌండు.
మల్లేపల్లికి, కల్వకుర్తికి ఫైనలు.
దస్రు కొట్టిన షాటు సున్నం గీత మీద పడి లేచి
జనం నెత్తుల మీదికెళ్లి వచ్చి
ఉడుకుడుకు కాయలల్ల కూసున్నది.
దుమ్ము, ఉప్పునీళ్లు, తోలు వాసన.
"అమ్మా, బాలియ్యి" అని చెయ్యి జాపిండు గీతకాడి పిలగాడు.
నాకు ఇయ్యబుద్ధి కాలే.
ఒక గడియ ఎక్కువనే పట్టుకున్న.

అప్పటికే పదేండ్లాయె నేను ఆట చూడబట్టి.
అమ్ముకోను పోతున్న అని ఇంట్ల చెప్పేదాన్ని.
అబద్ధం కాదు, నిజం గూడ కాదు.
ఆట బిగుసుకున్నదంటే
గంప మీది గోనెసంచి తియ్యకపోయేదాన్ని.
"ఈదమ్మా, రూపాయి కాయలియ్యి" అంటే
"ఆగు బిడ్డా, మైబెల్లి బాలు లేపుతున్నడు" అనేదాన్ని.

మైబెల్లి లేపుడు చూడాలె.
పొద్దందాక సైకిళ్లకు పంచర్లేసే ఏళ్లు,
సొల్యూషను అంటి నల్లగైన ఏళ్లు
బాలు కిందికి పోతే
దీపం ఆరకుండ చెయ్యి అడ్డం పెట్టినట్టుండేది.
దస్రుది ఎడమచెయ్యి వాటం.
తండనుంచి ఎనిమిది కిలోమీటర్లు నడిచొచ్చి
చెప్పులు కంబం కాడ ఇడిసి
నెట్టు మీదికి నడుము దాక లేస్తుండె.
నమ్మకపోతే నేనేం చెయ్య?
నేను చూసిన.

అప్పటి లెక్క వేరే.
సర్వీసు మనదైతేనే పాయింటు.
ఎంత గట్టిగనన్న కొట్టు, ఎంత మంచిగనన్న గెలువు,
సర్వీసు అవతలోనిదైతే
నీకొచ్చేది పాయింటు కాదు, ఉత్త సర్వీసే.
గంట గడిచేది, బోర్డు మీది అంకె కదలకపోయేది.
పదకొండు పదకొండు.
పొద్దు గూకేది. బర్లు ఇండ్లకు మర్రేటియి.
పదకొండు పదకొండు.
కొత్తగొచ్చినోళ్లు "ఇదేం ఆట" అని లేచిపోతుండె.
నాకు మాత్రం మస్తు సమజయ్యేది.
మిత్తి కట్టీ కట్టీ అసలు కదలనోళ్లకు
ఆ ఆట ఒకరు చెప్పాల్నా?

ఇప్పుడు ఏ బాలుకు ఆ బాలుకే పాయింటు.
ఇరవై అయిదు దాక లెక్క. వంట అయ్యేలోపల సెట్టు అయిపోతది.
పోరగాళ్లు రంగురంగుల బనీన్లేసుకొని
లైట్ల కింద ఆడుతుండ్రు. బాగనే ఆడుతుండ్రు.
నేను పోతనే ఉన్న. మోకాళ్లకు తైలం రాసుకొని,
గంప లేకుండ, మనుమని బండెనక కూసొని.
కల్వకుర్తోళ్లు ఇప్పటికీ నెట్టు ముడుతరు,
అంపైర్లకు ఇప్పటికీ కనవడది.

దస్రు బోరుబండి మీద పనికి పోయిండు.
అటెన్క బుజం ఇరిగిందని ఎవరో చెప్పిండ్రు.
ఏ బుజమని అడగడానికి నోరు రాలే.

మొన్న సంతనాడు మైబెల్లి దుకానం కాడ ఆగిన.
గడ్డం తెల్లగైంది, ఏళ్లు ఇంకా నల్లగనే ఉన్నయి.
ముప్పై ఏండ్లసంది కడుపుల ఉన్న ముచ్చట అడిగిన:
పద్నాలుగు పదమూడు వాళ్లది, సర్వీసు వాళ్లది,
ఆ ఆఖరి బాలుకు నీ చెయ్యి నెట్టు ముట్టిందని ఈలేసిండు గద,
ముట్టిందా?

గాలి కొట్టుడు ఆపిండు.
చిటికెనేలు జూసుకున్నడు.
"ముట్టింది అక్కా."

వారీ నీ. ఆ అంపైరును
నేను తిట్టని తిట్టు లేదు, వాని ఏడు తరాలను
ఎండల నిలవెట్టిన.

"పోనీ, ముట్టకపోయి ఉంటే?
దస్రు కొట్టింది గీత లోపలనే పడ్డది గద,
గెలుస్తుంటిమి గద?"

"గెలుసుడేడిదక్కా," అని పంపు మళ్ల అందుకున్నడు,
"సర్వీసు మనదయ్యేది. గంతే."

గంతే అంటడు.
ఆ గంతే కోసం
పొద్దుగూకెదాక నిలవడ్డదాన్ని నేను.