ఎరక

కాశీబుగ్గ బస్టాండు వెనక, జిరాక్సు మిషను పక్కన
నా పాత కంప్యూటరు.
దాలమ్మ వచ్చి కొంగుముడి విప్పి
అగ్గిపెట్టంత పాటల డబ్బా బల్ల మీద పెట్టింది.
"ఇందల మా ఎరకమ్మ గొంతుంది బావూ.
దానికి వారంలో రెండుపాలు రగతం కడుగుతన్నారు,
మాట సన్నబడిపోనాది.
నా ఫోను సిప్పులోకి ఎక్కించీ."

వైరు గుచ్చాను. డబ్బాకి ఎర్రదీపం వెలిగింది.
కంప్యూటరు మాత్రం
అప్పు అడగొచ్చిన చుట్టాన్ని చూసినట్టు
ఊరుకుంది.

ముందు వైరుని అనుమానించాను.
ఛార్జింగు వైరది, అన్నం పెడుతుంది గానీ మాట మొయ్యదు.
ఇంకోటి తెచ్చి వెనక గుంటలో పెట్టాను.
దూదితో తుడిచి, డ్రైవరు పీకి, మళ్లీ వేసి,
ఆపి, లేపి,
టంగుమని ఒక్క చప్పుడు. అంతే.
మధ్యలో కరెంటు పోయింది. టీ తాగాం.

గ్లాసు పట్టుకున్న ఆమె వేళ్లు అప్పుడు చూశాను.
జీడిపిక్కల పాలు తిని తిని
గీతలు పోయి, నల్లగా, నున్నగా.
"బియ్యం బండికాడ మిషనూ ఇంతే బావూ,
ఏలెడితే నువ్వెవులంటది.
పదేళ్లూ ఎట్టినాను. పదీ నావి కావంట.
ఆఖరికి కన్ను సూపించి తెచ్చుకున్నాను.
నీ దానికి కన్ను నేదేటి?"

ఉంది.
ఏడాదికోసారైనా తెరవని కిటికీ, డిస్కుల జాబితా.
తెరిస్తే, అడుగున, గంట నుంచీ అక్కడే ఉంది డబ్బా.
కంప్యూటరు చూసింది.
చూసి, పిలవడానికి అక్షరం లేక
గుమ్మంలోనే నిలబెట్టేసింది.
దాని అక్షరం మీద కార్డు రీడరు కూచునుంది, ఖాళీగా.

జెడ్ ఇచ్చాను. ఎవరూ అడగని అక్షరం.

పదిహేడు ఫైళ్లు. మొదటిది నొక్కాను.
పిక్కలు కొట్టే చప్పుడు, ఫ్యాను, ఎవరిదో దగ్గు,
తరవాత ఖంగుమంటూ ఎరకమ్మ:
"బిడ్డని కడుపులో దాసుకోనేక
కాలికి కట్టుకు తిరిగే తల్లెవులే?"
షెడ్డంతా నవ్వింది.

జవాబు తెలిసిన దాలమ్మ చెప్పలేదు.
ఇంకోసారి వెయ్యమంది. వేశాను.
ముప్పై అంటే ఇరవై ఇచ్చి
"మిగతా పదీ రేపు దాన్ని తీసుకొచ్చి ఇత్తాను,
నీ మిషన్లో గట్టిగా వినబడతంది" అంటూ
మెట్లు దిగింది.